నొప్పి మొదలైన గంట

మా మూడో నంబరు ఆపరేషన్ గదిలో తలుపు పక్కన ఒక తెల్ల బోర్డు ఉండేది. దాని మీద రాసే హక్కు నాది. ఎవరిచ్చారని అడిగితే ఎవరూ ఇవ్వలేదు, నేనే లాక్కున్నాను. ఇరవై రెండేళ్ళు ఆ గదిలో నిలబడి పనిముట్లు అందించిన నర్సుని, ఆ మాత్రం పెత్తనం లేకపోతే ఎలా? పేషెంటు వయసు, బరువు, రక్తం గ్రూపు కింద రాసేదాన్ని. అన్నిటికన్నా పైన, పెద్ద అంకెల్లో, నొప్పి ఎప్పుడు మొదలైందో ఆ గంట రాసేదాన్ని.

అది మా పెద్ద డాక్టరుగారు పెట్టిన అలవాటు. గుండెలోంచి పైకి లేచి, వంపు తిరిగి కిందికి దిగే పెద్ద రక్తనాళం ఒకటుంటుంది. బృహద్ధమని అంటారు. ఒక్కోసారి దాని లోపలి పొర చిరుగుతుంది. పైపొర బాగానే ఉంటుంది కానీ, రక్తం ఆ రెండింటి మధ్యకు దూరి, పోతూ పోతూ పొరల్ని విడదీసేస్తుంది. ఓసారి ఇంట్లో ఈ సంగతి చెబుతుంటే మా అక్క కుట్టుమిషను మీంచి తల ఎత్తకుండానే, "అస్తరు ఊడిపోవడమన్నమాట" అంది. మర్నాడు ఆ మాట పెద్ద డాక్టరుగారికి చెబితే ఆయన ఎంత సంబరపడ్డారో! అప్పట్నుంచి బంధువులకు అలాగే చెప్పేవారు. "మీ నాన్నగారికి లోపల అస్తరు ఊడిందమ్మా. పైబట్ట కూడా చిరక్కముందే కుట్టాలి." గంట గడిచేకొద్దీ మనిషి దక్కే ఆశ తగ్గిపోయే జబ్బు అది. అందుకే గదిలో అడుగుపెడుతూనే ఆయన చూపు బోర్డు మీదకి పోయేది.

ఆ గంట రాబట్టే పని నాది. నాకు నోరెక్కువ. బంధువులు "నిన్న రాత్రి నుంచి" అని నసిగారంటే అయిపోయారే. "నిన్న రాత్రి నుంచా? ఇప్పటిదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారా?" అని అక్కడే కడిగేసేదాన్ని. పాపం, ఏడుస్తున్నవాళ్ళు కూడా ఏడుపు ఆపేసేవాళ్ళు. "సిస్టరమ్మా, నువ్వు అరిస్తే లోపలున్న పేషెంటుకి బీపీ పెరుగుతోంది" అనేవాడు పంపు బాబాయి. ఆపరేషన్ సాగినంతసేపూ గుండె చేసే పని చేసిపెట్టే యంత్రాన్ని నడిపేవాడు అతను. నాకన్నా రెండేళ్ళు చిన్న, అయినా అందరికీ బాబాయే. మొదటిరోజే అంత పెద్దరికం వెలగబెట్టాడు మరి.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది. ఆపరేషన్ అయ్యాక పక్కనున్న చిన్న గదిలో, కిటికీ గట్టు మీద డబ్బాలు పెట్టుకుని, ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ తినేవాళ్ళం. పెద్ద డాక్టరుగారు తన డబ్బా తెచ్చుకునేవారు కాదు, అందరి డబ్బాల్లోంచి ఒక్కో ముద్ద తీసుకుని "ఇది పన్ను" అనేవారు. చిన్న డాక్టరు అప్పుడే చదువు ముగించి వచ్చినవాడు. వంచిన తల ఎత్తేవాడు కాదు, తినడం మాత్రం ముగ్గురి పెట్టు. ఒకరి ఎంగిలి ఒకరు తాగాం, ఒకరి జలుబు ఒకరికి అంటించుకున్నాం. మాస్కు తీస్తే మొహాలుండేవి.

మహమ్మారి వచ్చిన ఆ ఏడు అదంతా ఊడ్చుకుపోయింది.

మొదటి రెండు నెలలూ మాకు పని లేదు. రోగం అంటుకుంటుందని జనం ఆసుపత్రి వైపు చూడటమే మానేశారు. "బృహద్ధమనులు కూడా ఇళ్ళల్లోనే ఉండిపోయాయా ఏమిటి?" అన్నాడు బాబాయి. నవ్వాం కానీ నవ్వు నిలవలేదు. చిరగడం ఆగలేదు, రావడం ఆగింది, అంతే. తర్వాత వచ్చినవాళ్ళు పద్దెనిమిది గంటలకి, ముప్పై గంటలకి, కాళ్ళు చల్లబడిపోయి వచ్చారు. అంతకుముందు పదిమందిని బల్ల మీదకి ఎక్కిస్తే ఎనిమిది మంది నడిచి ఇంటికి వెళ్ళేవారు. ఆ ఏడు ఐదుగురు వెళ్తే గొప్ప. పెద్ద డాక్టరుగారికి అరవై ఐదు దాటాయని ఇంట్లో కూర్చోబెట్టారు. ప్రతి కేసు అయ్యాక ఫోన్ చేసి, "ఎవరు? ఎన్ని గంటలకొచ్చారు? ఉన్నారా?" అని మూడే మాటలు అడిగి, తన పుస్తకంలో రాసుకునేవారు.

అప్పుడే ఒక నియమం కూడా వచ్చింది. నొప్పి మొదలై ఒక రోజు దాటి, మనిషి ఇంకా నిలకడగా ఉంటే, రోగం ఉందో లేదో పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆపరేషన్ ఆపాలి. దానికి ఐదారు గంటలు. రోజు లోపు వచ్చినవాళ్ళని నేరుగా లోపలికి తీసుకోవచ్చు. మొదటి రోజు గట్టెక్కినవాళ్ళు ఇంకొన్ని గంటలు ఆగగలరు, లోపల నిలబడే ఎనిమిది మంది ప్రాణాలూ చూసుకోవాలి కదా అని. ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ అది తప్పనను.

ఇంట్లో నేనూ అక్కా ఇద్దరమే. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. అక్కకి పద్దెనిమిది. కుట్టుమిషను ముందు కూర్చుంది, ఇక లేవలేదు. స్కూలు బట్టలు, కర్టెన్లు, దిండు గలేబులు కుట్టి నన్ను నర్సుని చేసింది. దాని పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "చెల్లి చదువు అవ్వనీండి" అనేది. నా చదువయ్యేసరికి అడిగేవాళ్ళు లేకుండా పోయారు. నా కాపురం రెండేళ్ళ ముచ్చట. పెట్టె సర్దుకుని తిరిగొస్తే, ఎందుకని ఒక్క మాట అడగలేదు. "చేతులు కడుక్కో, తిందాం" అంది.

నేను నర్సునైనప్పటి నుంచి అక్కకి నా మాట వేదం. నీళ్ళు కాచి తాగమంటే ముప్పై ఏళ్ళుగా కాచే తాగింది. ఆ ఏడు నేను పెరటి గుమ్మంలోంచి వచ్చి, పంపు దగ్గరే తల మీంచి నీళ్ళు పోసుకుని, వెనక గదిలో పడుకునేదాన్ని. అన్నం గిన్నె గుమ్మం బయట స్టూలు మీద పెట్టేది. మాటలు కిటికీలోంచి. దొరక్కపోతే మాకు మాస్కులు కూడా తనే కుట్టేది, మూడు పొరలవి, లోపల మెత్తటి అస్తరు వేసి. ఒకరోజు మా దగ్గర ముగ్గురు పోయారు. ఆ చిరాకులో ఇంటికొచ్చి కిటికీ దగ్గర నిలబడి అరిచాను.

"చెప్తున్నా విను. ప్రాణం మీదకొచ్చినా సరే, మా ఆసుపత్రి గుమ్మం తొక్కకు. అర్థమైందా?"

"అర్థమైందిలేవే. అరవకు, దగ్గొస్తుంది" అంది.

అంటే అన్నాను. నోటికి అడ్డూ అదుపూ ఉంటే కదా.

పది రోజుల తర్వాత, ఇరవై నాలుగు గంటల డ్యూటీ చేసి ఉదయం తొమ్మిదింటికి ఇంటికొచ్చాను. పెరట్లో బక్కెట్లో నీళ్ళు లేవు. అక్క నీళ్ళు పట్టి ఉంచని రోజు లేదు. కిటికీలోంచి చూస్తే మిషను మీద చెయ్యి ఆనించి, కుర్చీలో పక్కకి ఒరిగి ఉంది. స్నానమూ లేదు, దూరమూ లేదు, చెప్పులతోనే లోపలికి పరిగెత్తాను.

"ఏమైందే?"

"ఏం లేదు. వీపులో ఎవరో గుద్దినట్టుంది."

రెండు చేతుల నాడీ పట్టుకున్నాను. కుడి చేతిలో గట్టిగా కొట్టుకుంటోంది. ఎడమ చేతిలో వెతుక్కోవాల్సి వచ్చింది. అన్నేళ్ళు ఊరికే నిలబడలేదు కదా, నాకు తెలిసిపోయింది.

"ఎప్పుడు మొదలైంది?"

నా మొహంలోకి చూసింది. ఆరు నెలల తర్వాత మొదటిసారి దగ్గర్నుంచి చూసుకోవడం. "ఇందాకే. ఆరింటికి" అంది.

అంబులెన్సు, స్కానింగు. చిరుగు గుండెకి ఆనుకునే మొదలైంది. చిన్న డాక్టరు స్ట్రెచరు మీదకి వంగి, "అమ్మా, నొప్పి ఎప్పుడు మొదలైంది?" అని మళ్ళీ అడిగాడు. నేను పక్కనే, నిలువెల్లా ప్లాస్టిక్ తొడుగులో, మార్కరు పట్టుకుని నిలబడ్డాను.

"పొద్దున ఆరింటికి బాబూ" అని, నా వైపు చూసి, "ఈ మూటలో ఉన్నది మా చెల్లేనా?" అంది.

సొంతవాళ్ళ ఆపరేషన్లో నిలబడకూడదనేది మా కట్టుబాటు. కానీ ఇంకో నర్సు జ్వరంతో ఇంట్లో ఉంది, మూడో ఆవిణ్ణి మహమ్మారి వార్డుకి పంపారు. చిన్న డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు.

"సిస్టరమ్మా, నిలబడగలవా?"

"నిలబడకపోతే పడుకుంటానా? పద."

బోర్డు మీద పెద్ద అంకెల్లో ఆరు వేశాను. ఐదు గంటలన్నమాట. రోజు లోపే. పరీక్ష కోసం ఆగక్కర్లేదు. నేరుగా లోపలికి తీసుకెళ్ళాం.

ఆ తర్వాత నేను చెల్లెల్ని కాను, రెండు చేతుల్ని. కాకపోతే ఆ చేతులు మధ్యమధ్యలో చెల్లెలి చేతులైపోతుండేవి. గుండె చుట్టూ ఉండే సంచి తెరవగానే రక్తం చిమ్మింది. అప్పటికే లోపలికి ఊరుతోంది. బాబాయి పంపు నడిపి ఒళ్ళంతా చల్లబరిచాడు. ఇక ముఖ్యమైన ఘట్టం. పంపు కూడా ఆపేసి, ఒంట్లో రక్తమే కదలని ఆ కాసేపట్లో చిరిగిన ముక్క కోసేసి బట్టతో నేసిన గొట్టం కుట్టాలి. మామూలు రోజుల్లో బాబాయి బస్సు కండక్టరులా నిమిషాలు అరిచి చెప్పేవాడు. ఆ తొడుగుల్లో, రెండు మాస్కుల వెనక, మాట వినపడి చావదు. అందుకని బోర్డు దగ్గరికి ఒక మనిషిని పంపి, ఐదు, పది, పదిహేను అని రాయించాడు.

పన్నెండో నిమిషంలోనో ఎప్పుడో చిన్న డాక్టరు చెయ్యి ఆగింది. పొరల మధ్య గడ్డకట్టిన రక్తం తీస్తున్నాడు. నల్లగా, గోడకి అతుక్కుపోయి ఉంది.

నా చెవి దగ్గరికి వంగి గట్టిగా అన్నాడు. "సిస్టరమ్మా, ఇది ఐదు గంటల గోడలా లేదు."

"మా అక్క అబద్ధం ఆడదు" అన్నాను. "కుట్టు."

కుట్టాడు. ఇరవై ఏడు నిమిషాలు. పంపు తిరిగి మొదలైంది. వేడి ఎక్కుతుంటే గుండె ఒకసారి వణికి, ఇంకోసారి వణికి, దారిన పడింది. నా అద్దాల లోపల ఆవిరో కన్నీళ్ళో, తుడుచుకునే దారి లేదు. అలాగే చేతికి అందినది అందిస్తూ నిలబడ్డాను.

సాయంత్రానికి పరీక్ష ఫలితం వచ్చింది, రోగం లేదని. చిన్న డాక్టరు మెట్ల మీద కూర్చుని ఆరు గంటల తర్వాత మొదటి గుక్క నీళ్ళు తాగాడు. "అప్పటికే లోపల ఊరుతోంది. ఈ కాగితం వచ్చేదాకా ఆగి ఉంటే..." అని ఆపేశాడు. మిగతాది నాకు చెప్పక్కర్లేదు.

మూడు వారాలకి అక్క ఇంటికొచ్చింది. ఎడమ చేతి వేళ్ళు మొద్దుబారిపోయాయి. బట్టని సూది కిందకి నడిపించే చెయ్యి అదే. "పోనీలే, యాభై ఏళ్ళు కుట్టాను, దానికీ విసుగు పుట్టి ఉంటుంది" అని తేలిగ్గా తీసేసింది. నేనే తీసెయ్యలేకపోయాను.

ఒక మధ్యాహ్నం దానికి అన్నం తినిపించి, మిషను పక్కనున్న బుట్ట సర్దుతున్నాను. అడుగున ఏడు మాస్కులున్నాయి. కుట్లు వంకరటింకర. అక్క చేతి కుట్టు గీత గీసినట్టుంటుంది.

"ఇవేమిటే ఇలా ఉన్నాయి? తాగి కుట్టావా?"

"నవ్వకు. ఆ నొప్పితో అంతకన్నా తిన్నగా రాలేదు. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేలోపు అవ్వగొట్టాలని రోజంతా..." అని నాలిక కరుచుకుంది.

రోజంతా.

నేను డ్యూటీకి వెళ్ళింది ముందురోజు ఉదయం ఏడింటికి. బుట్ట కింద పెట్టేశాను.

"ఎప్పుడు మొదలైంది? నిజం చెప్పు."

"ఇప్పుడెందుకే అవన్నీ?"

"చెప్పు అక్కా."

"నువ్వు వెళ్ళిన రెండు గంటలకి" అంది, తప్పు చేసిన పిల్లలా. "తగ్గిపోతుందిలే అనుకున్నా. రాత్రి ఫోన్ దాకా చెయ్యి వెళ్ళింది. నువ్వేగా గుమ్మం తొక్కద్దన్నావు. ఎంత రోగంలో తిరుగుతున్నావో, నా గొడవ కూడా నీకెందుకని ఊరుకున్నా."

ఇరవై ఆరు గంటలు. మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయాను. నోరు పెగల్లేదు. ఊళ్ళో వాళ్ళందర్నీ ఎందుకు ఆలస్యం చేశారని కడిగేసిన నోరది.

చాలాసేపటికి అడిగాను. "ఆరింటికని ఎందుకు చెప్పావు? ఆ నియమం తెలిసా?"

"ఏ నియమం?" అంది. నిజంగానే తెలియదు. "నిన్నట్నుంచని చెబితే నీ మొహం ఏమైపోతుందో నాకు తెలీదా? నావల్లే అని కుప్పకూలిపోయేదానివి. అందుకే ఒక అబద్ధం ఆడా. నా జన్మకి అదొక్కటేలే."

నిజం చెప్పి ఉంటే పరీక్ష కోసం ఆపేవాళ్ళం. ఆపితే అక్క ఉండేది కాదు. నా మాట దాన్ని చంపబోయింది, దాని అబద్ధం దాన్ని బతికించింది. ఆ అబద్ధం కూడా తన కోసం ఆడింది కాదు. వెనక గదిలోకి వెళ్ళి, తలుపేసుకుని, తనివితీరా ఏడ్చాను.

మర్నాడు పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేశాను. "మీ పుస్తకంలో మా అక్క గంట తప్పండి. ఇరవై ఆరు అని దిద్దండి. ఆలస్యానికి కారణం దగ్గర నన్ను రాయండి" అని జరిగిందంతా చెప్పాను. ఆయన పేజీలు తిప్పి దిద్దుకున్నారు. తర్వాత నెమ్మదిగా నవ్వు వినిపించింది.

"ఇరవై ఏళ్ళ పుస్తకమమ్మా ఇది. నువ్వు గుమ్మంలో నిలబడి అలా విరుచుకుపడుతుంటే నిజం ఎవరు చెప్పి ఉంటారు? సగం గంటలు నీకు భయపడి చెప్పినవే అయ్యుంటాయి."

అది నవ్వాల్సిన మాట కాదని ఇద్దరికీ తెలుసు. ఆ నెలంతా ఖాళీ దొరికినప్పుడల్లా, ఆ ఏడు మా బల్ల ఎక్కినవాళ్ళ ఇళ్ళకి ఫోన్లు చేశాను. దక్కినవాళ్ళ ఇళ్ళకీ, దక్కనివాళ్ళ ఇళ్ళకీ. నా గొంతు గుర్తుపట్టగానే కొందరు భయపడ్డారు. "తిట్టనండి, ఒట్టు. నిజంగా ఎప్పుడు మొదలైంది?" అని అడిగాను. పందొమ్మిది మందిలో ఎనిమిది మంది గంట మార్చారు. ఒక కొడుకు, "మీరు అరుస్తారని ఆరు గంటలు తగ్గించి చెప్పానండీ. దానివల్ల మా నాన్నకేమైనా..." అని ఆగిపోయాడు. దానివల్ల కాదని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడిగాడు.

బాబాయికి ఎదురుగానే చెప్పాను. అతనింట్లో ఎనభై ఏళ్ళ తల్లి ఉంది. పరీక్ష ఫలితం రాకుండానే లోపలికి రప్పించిన ఎనిమిది మందిలో అతనొకడు. రోగం లేకపోబట్టి సరిపోయింది. అంతా విని, గొట్టాలు చుట్టుకుంటూ, "సిస్టరమ్మా, ఆ పొద్దున నీకు నిజం తెలిసుంటే బోర్డు మీద ఏం రాసేదానివి?" అన్నాడు.

నేను వెళ్ళి బోర్డు తుడిచాను. అతను మళ్ళీ అడగలేదు, నాతో మాట్లాడటమూ మానలేదు. తర్వాతి కేసు నుంచి నేను బంధువుల పక్కన కూర్చుని, ముందు నీళ్ళిచ్చి, అప్పుడు గంట అడగడం నేర్చుకున్నాను. నాకది మహా కష్టం. కానీ జనం నిజాలు చెప్పారు.

అక్క ఇంకా ఐదేళ్ళు ఉంది. నేను ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆ చివరి రెండేళ్ళూ ఇద్దరం ఒకే గదిలో, రెండు మంచాల మీద, అడ్డంగా కిటికీ లేకుండా మాట్లాడుకున్నాం. నా జీవితంలో అంత తీరిక ఎప్పుడూ లేదు. దానికి కాఫీ కలపడం, జడ వెయ్యడం, మొద్దుబారిన వేళ్ళని నూనె రాసి మర్దన చెయ్యడం.

"ఒక్కసారి నన్ను తిట్టవే అక్కా" అన్నాను ఒకరోజు. "నీవల్లేనే అని ఒక్క మాట అను. నాకు మనసు తేలికపడుతుంది."

అది కళ్ళు మూసుకునే నవ్వింది.

"తిడతాలేవే" అంది. "నువ్వు కాస్త పెద్దయ్యాక."

అది పోయి ఏడాదైంది. నాకిప్పుడు అరవై.